కంప్యూటర్ గడప మీద ఎవరి ముగ్గు?

ఇంటికి గడప ఎట్లాంటిదో కంప్యూటర్‌కు తొలి తెర అట్లాంటిది. మీట నొక్కగానే నల్లని తెర మీద ఒక గుర్తు వెలుగుతుంది. కొంతసేపు చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ తరువాత 'నీవెవరు? నీ పాస్‌వర్డ్ ఏమిటి?' అని అడిగే తెర వస్తుంది. దానికి జవాబు చెబితే గానీ లోపలికి ప్రవేశం లేదు. బడిలో కంప్యూటర్ గది ఉన్న విద్యార్థులు ఈ తెరలను వారానికి రెండు మూడు సార్లయినా చూస్తారు. కానీ బస్టాండు గోడ మీది ప్రకటనను చూచినట్లు చూచి మరచిపోతారు.

ఒకసారి నిదానంగా గమనించండి. ఆ తెర మీద ఉన్న పేరు ఎవరిది? యంత్రాన్ని తయారు చేసిన కంపెనీది. తరువాత వచ్చే గుర్తు? దానిలోని వ్యవస్థను అమ్మిన కంపెనీది. మాట్లాడే భాష? ఇంగ్లీషు. లోపలికి పోవడానికి మనం కొట్టే పేరు? చాలాచోట్ల 'స్టూడెంట్' అనో 'అడ్మిన్' అనో ఉంటుంది, అదీ నలభై మందికీ కలిపి ఒకటే. మన ఊరిలో, మన బడిలో, మన కరెంటుతో నడిచే యంత్రం గడప మీద మనకు సంబంధించిన గుర్తు ఒక్కటీ లేదు.

ఈ తెరలను మార్చుకోవచ్చు. మార్చుకోవాలి కూడా అని నా అభిప్రాయం. అయితే 'మార్చడం' అంటే నచ్చిన సినిమా నటుడి బొమ్మ అతికించడం అని మీరనుకుంటే, అసలు సంగతిని అందులో సగం కూడా అందుకోనట్లే. అది ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒకటి కాదు, నాలుగు తెరలు

మీట నొక్కినప్పటి నుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా మనకు ఒకే వరుసగా కనిపించేది నిజానికి నాలుగు వేరువేరు దశలు. ఒక్కొక్క దశను ఒక్కొక్క కార్యక్రమం నడుపుతుంది.

మొదటిది ఫర్మ్‌వేర్. ఇది కంప్యూటర్ లోపలి ప్రధాన ఫలకం మీద ఒక చిప్‌లో భద్రంగా ఉంటుంది. జ్ఞాపకశక్తి సరిగా ఉందా, కీబోర్డు తగిలించి ఉందా అని పరీక్షిస్తుంది. కంపెనీ గుర్తును తెర మీద వేసేది ఇదే. రెండవది బూట్‌లోడర్. డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెదికి నిద్రలేపడం దీని పని. లినక్స్ యంత్రాలలో సాధారణంగా ఈ పని చేసేది గ్రబ్ అనే కార్యక్రమం. మూడవది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఇది లేచి కూర్చుని సర్దుకునేంతవరకు మనకు విసుగు పుట్టకుండా ఒక బొమ్మను చూపుతారు. లినక్స్‌లో ప్లిమత్ అనే కార్యక్రమం ఆ బొమ్మను వేస్తుంది. నాలుగవది లాగిన్ తెర. పేరూ పాస్‌వర్డూ అడిగి, సరిచూచి, లోపలికి పంపేది ఇది.

లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో మూడవ దశలో బొమ్మ కనిపిస్తున్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కి చూడండి. చాలా యంత్రాలలో బొమ్మ తొలగిపోయి, వెనుక జరుగుతున్న పనులన్నీ వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. ఏ డిస్కు దొరికింది, గడియారం ఎప్పుడు సరిచేసుకుంది, నెట్‌వర్క్ ఎప్పుడు లేచింది అన్నీ అందులో ఉంటాయి. గడియారం వెనుక మూత తీసి పళ్ళ చక్రాలు చూచినట్లుంటుంది. అందమైన బొమ్మ వేయడం నేర్చుకునే విద్యార్థి దాని వెనుక ఏముందో కూడా చూడాలని నేనంటాను.

బొమ్మ వెనుక ఉన్న లెక్క

1995లో వచ్చిన విండోస్ 95లో తొలి తెర బొమ్మను మార్చడం కుర్రవాళ్ళకు కూడా సాధ్యమయ్యే పని. డిస్కు మొదట్లో లోగో డాట్ సిస్ అనే పేరుతో ఒక ఫైలును పెడితే చాలు. పేరు ఏదైనా అది మామూలు బిట్‌మ్యాప్ బొమ్మే. వెడల్పు 320 చుక్కలు, ఎత్తు 400 చుక్కలు, 256 రంగులు ఉండాలి. ఇంతకూ ఆ ఫైలు పరిమాణం ఎంత ఉండాలో మనమే లెక్క కట్టవచ్చు.

320ని 400తో హెచ్చిస్తే 1,28,000 చుక్కలు. 256 రంగులలో ఒకదానిని సూచించడానికి ఒక బైటు సరిపోతుంది, ఎందుకంటే 8 బిట్లతో రెండు ఘాతం ఎనిమిది, అంటే 256 సంఖ్యలు రాయవచ్చు. కనుక చుక్కలకు 1,28,000 బైట్లు. ఏ సంఖ్యకు ఏ రంగు అని చెప్పే పట్టికకు ఒక్కో రంగుకు 4 బైట్ల చొప్పున 1,024 బైట్లు. ఫైలు తల భాగానికి 54 బైట్లు. మొత్తం 1,29,078 బైట్లు. ఆ తెర మీద అడుగున కదులుతున్నట్లు కనిపించే పట్టీ కూడా నిజంగా కదలదు. రంగుల పట్టికలోని రంగులను వరుసగా తిప్పుతూ ఉంటే కన్ను మోసపోతుంది. చుక్కలు ఉన్నచోటనే ఉంటాయి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఈ బొమ్మను కెర్నెల్ ఫైలు లోపలే పొదిగారు. బొమ్మ మార్చాలంటే గుండెకాయనే కోయాలి. అట్లా కోసి కంప్యూటర్లను లేవకుండా చేసుకున్నవారు చాలామంది. తరువాతి విండోస్‌లలో ఆ ఫైళ్ళకు డిజిటల్ సంతకం పెట్టారు. ఎవరైనా మారిస్తే సంతకం తప్పుతుంది, కంప్యూటర్ ఒప్పుకోదు. ఇప్పటి విండోస్‌లో సెట్టింగ్స్ ద్వారా మనం సులభంగా మార్చగలిగేది తాళం తెర మీది బొమ్మను, మన ఖాతా బొమ్మను మాత్రమే. లినక్స్‌లో అయితే గ్రబ్ వెనుక బొమ్మను, ప్లిమత్ బొమ్మను, లాగిన్ తెర రూపాన్ని, మూడింటినీ మార్చుకోవచ్చు. ఎందుకంటే వాటి మూలరచన అందరూ చదువుకోవడానికి, దిద్దుకోవడానికి తెరచి ఉంచారు.

నేటి తెరలు సాధారణంగా 1,920 చుక్కల వెడల్పు, 1,080 చుక్కల ఎత్తు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కో బైటు చొప్పున మూడు బైట్లు. హెచ్చించి చూడండి: 62,20,800 బైట్లు. 1995 నాటి బొమ్మ కంటే దాదాపు 48 రెట్లు. ఇంత బరువును తగ్గించడానికే జేపెగ్, పీఎన్‌జీ వంటి కుదింపు పద్ధతులు వచ్చాయి. ఫోటోకు జేపెగ్ మంచిది. ముగ్గులాంటి గీతల బొమ్మకు పీఎన్‌జీ మంచిది, ఎందుకంటే అది ఒక్క చుక్కను కూడా పోగొట్టదు. ఈ ఒక్క పనిలో హెచ్చవేత, ఘాతాంకాలు, నిష్పత్తి, రంగుల కలయిక ఎన్ని పాఠాలు ఇమిడి ఉన్నాయో చూశారా?

తెలుగు గడప దాకా రావడానికి ఎందుకు ఆలస్యమైంది?

'సార్, తొలి తెర మీద తెలుగు ఎందుకు ఉండదు?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న.

పాత కంప్యూటర్ తెర ఒక గళ్ళ కాగితం వంటిది. అడ్డంగా 80 గళ్ళు, నిలువుగా 25 వరుసలు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మామూలుగా యంత్రానికి తెలిసిన అక్షర రూపాలు 256 మాత్రమే. ఇంగ్లీషుకు అది దండిగా సరిపోతుంది. మన సంగతి వేరు. ముప్ఫైఅయిదు హల్లులకు పన్నెండేసి గుణింతపు రూపాలు వేసుకున్నా 420 అవుతాయి. ఇక ఒత్తులు ఉన్నాయి, అవి అక్షరం కిందికీ పక్కకూ పోతాయి. ఆ గడిలో మన లిపి పట్టదు.

దీనికి విరుగుడుగా 1980లలో ఐఐటీ కాన్పూర్‌లోనూ, తరువాత పుణెలోని సీడాక్‌లోనూ జిస్ట్ అనే సాంకేతికతను అభివృద్ధి చేశారు. కంప్యూటర్‌లో ఒక కార్డు అదనంగా అమర్చితే భారతీయ లిపులు తెర మీద కనిపించేవి. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణం వచ్చింది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే ఆ పట్టికలో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. 'శ్రీకాళహస్తి' అన్న పేరులో మొదటి అక్షరం 'శ్రీ' చూడండి. మనకు అది ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు సంఖ్యలు. ఆ నాలుగింటినీ కలిపి ఒక రూపంగా పోతపోసే కార్యక్రమం వేరుగా ఉండాలి. ఆ కార్యక్రమం లాగిన్ తెర నాటికి మేలుకొని ఉంటుంది. అంతకు ముందు దశల్లో చాలావరకు అది లేవదు. అందువల్ల తొలి దశల తెర మీద తెలుగు కావాలంటే అక్షరాలను బొమ్మగా గీసి పెట్టాలి. లాగిన్ తెర మీద మాత్రం తెలుగును తెలుగుగానే రాయవచ్చు.

ఇది సాధ్యం కావడానికి పేరు ఆశించకుండా పనిచేసినవారు చాలామంది ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే తెలుగు ఖతులను తయారు చేసి అందరూ వాడుకునేట్లు స్వేచ్ఛగా ఇచ్చారు. హైదరాబాదు కేంద్రంగా 2005లో ఏర్పడిన 'స్వేచ్ఛ' సంస్థలో విద్యార్థులు, ఇంజనీర్లు కలిసి డెబియన్ లినక్స్ ఆధారంగా తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేశారు. బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అని మరొకటి రూపొందించారు. సీడాక్ వారి బాస్ లినక్స్ 2007 నుంచి అందుబాటులోకి వచ్చింది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కాలక్రమాన బడుల కోసమే ప్రత్యేకమైన స్వేచ్ఛా వ్యవస్థను తయారు చేసుకుంది. అక్కడి బడిపిల్లలు కంప్యూటర్ తెరిస్తే తమ రాష్ట్రపు విద్యాశాఖ తయారు చేసిన తెరే కనిపిస్తుంది. కేరళ పిల్లలకు సాధ్యమైనది చిత్తూరు పిల్లలకు అసాధ్యం కాదు గదా!

గడపకు ముగ్గు ఉంటే చాలదు, తాళం కూడా ఉండాలి

లాగిన్ తెర అలంకారం మాత్రమే కాదు. అది తాళం. ఈ తాళం కథ కూడా చెప్పుకోదగినదే.

1960లలో అమెరికాలోని ఎంఐటీ సంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో పంచుకుని వాడే పద్ధతిని తయారు చేసింది. ఎవరి ఫైళ్ళు వారికే ఉండాలి గనుక మనిషికొక పాస్‌వర్డ్ పెట్టారు. లోపలికి వచ్చిన ప్రతివారికీ తెర మీద ఆనాటి ప్రకటన ఒకటి కనిపించేది. అరవైల మధ్యలో ఒకనాడు ఫైళ్ళు తారుమారై, ప్రకటన ఉండవలసిన చోట పాస్‌వర్డ్‌ల పట్టిక వచ్చి కూర్చుంది. లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డ్‌లూ ప్రత్యక్షమయ్యాయి! గడప మీద రాసే మాటను మార్చడం ఎంత చిన్న పనిగా కనిపించినా, ఎంత జాగ్రత్త అవసరమో ఈ సంఘటన చెబుతుంది.

మరొక ప్రమాదం దొంగ గడప. అచ్చం లాగిన్ తెరలాగే కనిపించే బొమ్మను చూపి, మీరు కొట్టిన పాస్‌వర్డ్‌ను దాచుకునే కార్యక్రమం రాయడం పెద్ద కష్టం కాదు. అందుకే 1993 నాటి విండోస్ ఎన్‌టీలో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కిన తరువాతే అసలైన లాగిన్ తెర వచ్చేట్లు ఏర్పాటు చేశారు. ఆ మూడు మీటల పిలుపును మామూలు కార్యక్రమాలు ఏవీ అడ్డగించలేవు. దొంగ తెర ఉంటే అక్కడే బయటపడుతుంది.

మూడవ ప్రమాదం బొమ్మలోనే ఉంది. 2023 డిసెంబరులో బైనార్లీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు లోగోఫెయిల్ అనే లోపాల గుంపును బయటపెట్టారు. ఫర్మ్‌వేర్‌లో కంపెనీ గుర్తు బొమ్మను చదివే భాగంలో పొరపాట్లు ఉన్నాయి. కుట్రతో తయారు చేసిన బొమ్మను అక్కడ పెట్టగలిగితే, ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందే యంత్రాన్ని వశపరచుకోవచ్చునని వారు చూపించారు. తయారీదారులు సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. కనుక నాలుగు తెరలలో మొదటిదాని జోలికి విద్యార్థులు పోకూడదని నా ఖచ్చితమైన మాట. పైగా ఫర్మ్‌వేర్ మారుస్తుండగా కరెంటు పోతే ఆ ఫలకం మళ్ళీ లేవకపోవచ్చు. మన ఊళ్ళలో కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా?

నలభై మందికి ఒకే పేరు

ఇక అసలు విషయానికి వస్తున్నాను.

నేను చూచిన ఒక బడిలో పాస్‌వర్డ్‌ను నల్లబల్ల మూలన సుద్దముక్కతో రాసి ఉంచారు. అన్ని తరగతులకూ అదొక్కటే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన ఊరిలోని బోరుబావులు ఎంత లోతున్నవి, ఏవి ఎండిపోయినవి అని ఇంటింటికీ తిరిగి అడిగి, మూడు వారాల పాటు ఆ వివరాలను పట్టికలో ఎక్కించింది. ఒక సోమవారం వచ్చి చూస్తే ఆ ఫైలు లేదు. ఎవరు తీసేశారో తెలియదు. తెలుసుకునే మార్గమూ లేదు, ఎందుకంటే యంత్రం లెక్కలో అందరూ ఒకే మనిషి. ఆ పిల్ల తన నోటు పుస్తకం నుంచి అదంతా మళ్ళీ కాగితం మీద రాసుకుని ప్రదర్శనకు తెచ్చింది. కంప్యూటర్ గదికి మాత్రం ఆ ఏడాది మళ్ళీ మనసుపెట్టి రాలేదు.

అక్కడ లోపించినది అందమైన బొమ్మ కాదు. ఆ పిల్ల పేరు. లాగిన్ తెర మీద ఆమె పేరుతో ఒక ఖాతా ఉండి ఉంటే ఆమె ఫైళ్ళు ఆమె గదిలో ఉండేవి. ఇంకొకరి ఖాతా నుంచి వాటిని తీసివేయడం వీలయ్యేది కాదు. కోర్బాటో బృందం అరవై ఏళ్ళ కిందట సాధించిన ఈ సౌకర్యం నేటి ప్రతి కంప్యూటర్‌లోనూ ఉచితంగా ఉంది. దానిని వాడకుండా పక్కన పెట్టింది మనమే.

ఇందులో మన ప్రాంతానికి మరొక లాభం ఉంది. కుప్పాన్ని తీసుకోండి. ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే పథకాన్ని ప్రారంభించి, పల్లెలకు కంప్యూటర్ సమాచార కేంద్రాలను తెచ్చినది అక్కడే. అట్లాంటి చోట ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. నగరిలో తమిళం, మదనపల్లెలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఎన్ని లేవు! భాష ఎంపిక యంత్రానికి ఒక్కటి కాదు, ఖాతాకు ఒక్కటి. ఒక పిల్లవాడు తన పేరుతో లోపలికి వెళితే మెనూలు తెలుగులో వస్తాయి. అదే యంత్రం మీద అతని పక్కవాడు వెళితే తమిళంలో వస్తాయి. ఉర్దూ ఎంచుకున్న పిల్లకు తెర అమరిక కూడా కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. అందరికీ కలిపి ఒకే ఖాతా ఉన్నచోట ఈ సౌకర్యం ఉండదు. అందుకే బొమ్మ కంటే ముందు పేరు అని నేను పట్టుబడుతున్నాను.

ఏ బొమ్మ వేయాలి?

మీ ఇంటి కంప్యూటర్ మీద మీకూ మీ అమ్మానాన్నలకూ ఇష్టమైన బొమ్మ ఏదైనా పెట్టుకోండి. బడి కంప్యూటర్ అట్లా కాదు. అది అందరిది. ఒకరి అభిమాన నటుడు ఇంకొకరికి నచ్చడు. ఒకరి దేవుడు ఇంకొకరి దేవుడు కాకపోవచ్చు. నాయకుల బొమ్మల సంగతి చెప్పనే అక్కరలేదు; ఐదేళ్ళకొకసారి మార్చవలసి వస్తుంది. కనుక అందరికీ సొంతమైన వాటిని ఎన్నుకోవడం ధర్మం.

అట్లాంటివి మన దగ్గర కొదవా? తిరుమల కొండ మీది శిలాతోరణం ప్రకృతి చెక్కిన రాతి వంతెన. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది, బంగారు బల్లి ఉంది. గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే రాడార్ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఆకులు, కొమ్మలు, పక్షులు ఉన్నాయి. ఇక మీ ఇంటి ముందరి చుక్కల ముగ్గు ఉండనే ఉంది. చుక్కల వరుసలు, సౌష్ఠవం, తెగని గీత ఇవన్నీ రేఖాగణితమే. చుక్కల ముగ్గుకూ కంప్యూటర్ బొమ్మకూ మూలం ఒకటే: గళ్ళలో పెట్టిన చుక్కలు.

అయితే ఒక నియమం. ఎక్కడి నుంచో దించుకున్న బొమ్మ వద్దు. మీరే గీయండి, లేదా మీరే ఫోటో తీయండి. పరాయివాడు గీసిన బొమ్మకు వాడికి హక్కు ఉంటుంది. పైగా తెలియని చోటి నుంచి దించుకునే 'అందమైన తెరల' కట్టలతో పాటు ఏమేమి వస్తాయో చెప్పలేము.

పెద్దల అభ్యంతరాలు

ప్రధానోపాధ్యాయులు, తోటి ఉపాధ్యాయులు కొందరు మూడు అభ్యంతరాలు చెబుతారు. అవి తోసివేయదగినవి కావు, జవాబు చెప్పవలసినవే.

'పిల్లలు చేయి పెడితే యంత్రం పాడవుతుంది' అంటారు. మొదటి తెరను ముట్టుకోకుండా, మార్చబోయే ప్రతి ఫైలుకూ ముందు నకలు తీసి, అన్నిటికన్నా పాత యంత్రం ఒక్కదాని మీద ప్రయత్నిస్తే నష్టం చాలా తక్కువ. రసాయనశాస్త్రం ప్రయోగశాలలో ఆమ్లాన్ని పిల్లల చేతికి జాగ్రత్తలు చెప్పి ఇస్తున్నాం గదా! ఇక్కడ అంత ప్రమాదం కూడా లేదు. బొమ్మ రాకపోతే నకలును తిరిగి పెడితే సరి.

'పిల్లలు పాస్‌వర్డ్‌లు మరచిపోతారు' అంటారు. మరచిపోతే అధికార ఖాతా ఉన్న ఉపాధ్యాయుడు కొత్తది ఇవ్వగలడు. పాతది ఏమిటో ఆయనకు తెలియనవసరం కూడా లేదు, ఎందుకంటే యంత్రం పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు దాచదు. వెనుకకు విప్పడానికి వీలుకాని లెక్కలోకి మార్చి దాస్తుంది.

'ఇంతమందికి ఖాతాలు తెరిచే తీరిక ఎవరికి ఉంది?' అంటారు. లెక్క చూద్దాం. పది కంప్యూటర్లు, తరగతికి నలభై మంది, అయిదు తరగతులు అనుకోండి. మొత్తం రెండు వందల మంది, యంత్రానికి ఇరవై మంది. ఒక ఖాతాకు రెండు నిమిషాల చొప్పున యంత్రానికి నలభై నిమిషాలు. పది యంత్రాలకు పది పీరియడ్లు. వారానికి ఒకటి చొప్పున చేసినా మూడు నెలలు దాటదు. ఏడాదికి ఒకసారి చేసే పని. దానికి బదులు ఏటా ఎందరి శ్రమ చెరిగిపోతున్నదో లెక్క కట్టినవారు లేరు.

మరొక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌కు పనికిరాని పాత యంత్రాలు చాలా బడుల్లో ఉన్నాయి. వాటిని అటకెక్కించే ముందు ఒకదాని మీదనైనా తెలుగు పలికే లినక్స్‌ను ఎక్కించి చూడమని పెద్దలను కోరుతున్నాను. గడపను మార్చుకునే స్వేచ్ఛ అందులో ఎక్కువ.

మీరు చేయవలసినది

విద్యార్థులారా, రేపు కంప్యూటర్ గదికి వెళ్ళినప్పుడు ముందు ఏదీ మార్చకండి, గమనించండి. మీట నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో, ఎన్ని తెరలు వచ్చాయో, ఏ తెర ఏ దశదో నోటు పుస్తకంలో రాసుకోండి. తరువాత 1,920 కి 1,080 నిష్పత్తిలో, అంటే 16 కి 9 నిష్పత్తిలో, గ్రాఫు కాగితం మీద మీ బడి తెరకు ఒక బొమ్మ గీయండి. పేరు, పాస్‌వర్డ్ పెట్టెలు నడుమ వస్తాయి గనుక అక్కడ ఖాళీ వదలండి. అక్షరాలు దూరం నుంచి కూడా కనబడేట్లు వెనుక రంగు ముదురుగానో, బాగా లేతగానో ఉండనివ్వండి.

ఆ కాగితం తీసుకుని మీ ఉపాధ్యాయుని దగ్గరకు వెళ్ళండి. మొదట అడగవలసినది బొమ్మ గురించి కాదు. 'సార్, నా పేరుతో ఒక ఖాతా కావాలి' అని అడగండి. ఖాతాకు లోపలి పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఉండాలి, అది యంత్రం సౌకర్యం కోసం. తెర మీద కనిపించే పూర్తి పేరును మాత్రం తెలుగులో రాయించుకోండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డు ఏ భాషలో ఉందో తెర మూలన చూచుకోండి. చుక్కలు తప్ప ఏమీ కనిపించవు గనుక, భాష మారి ఉంటే ఎన్నిసార్లు కొట్టినా తాళం తీయదు. ఆ పాస్‌వర్డ్ మీ ప్రాణస్నేహితునికి కూడా చెప్పకండి. అది స్నేహానికి సంబంధించినది కాదు, మీ పనికి మీరు వేసుకున్న కంచె.

ఖాతా వచ్చిన నాడు బొమ్మ సంగతి అడగండి. ఇవ్వకపోతే మర్యాదగా మళ్ళీ అడగండి. మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే యంత్రం మీద మీరు చేసే పని, 'స్టూడెంట్' అని పిలిచే యంత్రం మీద చేసే పనికంటే మెరుగ్గా ఉంటుందని నా నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చవలసినది మీరే.